కారు కొనేవాళ్లూ, చక్రాల సైజు చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా బావగారు ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు కొంటూ, చూడ్డానికి బాగుంటాయని 21 అంగుళాల చక్రాలు పెట్టించుకున్నారు. మూడో వారమే, వాన నీళ్లు నిలిచిన రోజున, మా విశాఖలోని మద్దిలపాలెం దగ్గర గుంత కనపడక చక్రం దిగబడితే టైరు పక్కన నిమ్మకాయంత బుడిపె లేచింది, రిమ్ అంచు లోపలికి వంగిపోయింది. పెద్ద చక్రాలు గుంతల్లో ఇలా దెబ్బతింటాయని అమ్మేటప్పుడు షోరూమ్‌లో ఒక్కరూ చెప్పలేదు, అదే నా బాధ.

ఉదాహరణకు పోర్షే టైకాన్ అనే ఎలక్ట్రిక్ కారునే చూడండి, దానికి 19, 20, 21 అంగుళాల చక్రాలు ఉన్నాయి. టైరు మొత్తం ఎత్తు దాదాపు ఒకటే కాబట్టి రిమ్ పెరిగేకొద్దీ చుట్టూ ఉండే రబ్బరు తగ్గుతుంది, ఇక దెబ్బంతా రిమ్‌కే. అసలే బ్యాటరీతో కలిపి బండి బరువు రెండు టన్నుల పైమాటే. పెద్ద చక్రాలకు ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం కూడా తగ్గుతుంది.

బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా హాయిగా పోవచ్చు, కానీ రోజూ తిరగాల్సింది ఊళ్లోనే కదా! దయచేసి 19 అంగుళాలవే అడగండి. టైరు వెడల్పులో పక్క రబ్బరు ఎత్తు ఎంత శాతమో చెప్పే 55, 35 లాంటి అంకె టైరు మీద ఉంటుంది, అది ఎంత ఎక్కువైతే గుంతల్లో అంత నయం.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం