మహిళా పాస్టరు వద్దనేవాళ్ళు బైబిలు మొత్తం చదవాలి

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో 'మహిళా పాస్టర్ మాకొద్దు' అని వచ్చిన వార్త చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మనకెందుకులే అని ఊరుకుందామనుకున్నాను గానీ, ఆదివారం ఆరాధన అయ్యాక బయట మగవాళ్ళంతా ఆ వార్తని ఫోన్లలో ఒకరికొకరు చూపించుకుంటూ "వాక్యంలోనే ఉంది కదండీ, మనం చేసేదేముంది" అని తీర్పు చెప్పేస్తుంటే ఇక రాయక తప్పలేదు. జరిగింది ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు కాబట్టి మళ్ళీ మొదటి నుంచి చెప్పను. బదిలీ మీద వచ్చిన పాస్టరు గారిని స్త్రీ అన్న ఒక్క కారణంతో గుడికి తాళం వేసి పుల్పిట్ (ప్రసంగ వేదిక) ఎక్కనివ్వకపోవడం, పైగా డయాసిస్ (బిషప్ గారి కింద ఉండే సంఘాల ప్రాంతం) ఆఫీసు ముందు ధర్నా చేయడం సిగ్గుచేటు. మీ విలేకరి ధర్నా చేసినవాళ్ళ మాటలు అంత పొడుగ్గా రాసి, ఆవిడని ఒక్క మాట కూడా అడగకపోవడం కూడా నాకు నచ్చలేదు.

ఎక్కడికెళ్ళినా వాళ్ళు ముందు చూపించే వాక్యం ఒక్కటే, బైబిల్లో అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన మొదటి పత్రిక (మొదటి తిమోతి) 2వ అధ్యాయం 12వ వచనం. స్త్రీ ఉపదేశించడానికీ, పురుషుడి మీద అధికారం చేయడానికీ సెలవియ్యనని పౌలు రాసిన మాట. సరే, ఉంది, కాదనను. కానీ అదే పేజీలో కాస్త పైకి చూడండి. 9వ వచనంలో జడలు, బంగారం, ముత్యాలు, ఖరీదైన బట్టలు వద్దని ఉంది. మన పెళ్ళిళ్ళలో ఏ కమిటీ పెద్దయినా ఆ వచనం చదివి తన కోడలి మెడలో గొలుసు తీయించాడా? ఇంకో వచనం పైన, పురుషులు కోపమూ సంశయమూ లేకుండా పవిత్రమైన చేతులెత్తి ప్రార్థన చేయాలని ఉంది. ఆఫీసు గేటు ముందు కేకలు వేసినవాళ్ళకి ఆ వచనం ఎందుకు కనిపించలేదు? ఆ రెండూ ఆ కాలానికి చెప్పినవీ, ఈ ఒక్కటే అన్ని కాలాలకీ అన్ని ఊళ్ళకీ చెప్పినదీ అని ఎవరు తేల్చారు? ఏ ప్రాతిపదిక మీద తేల్చారు?

అసలు ఆ పత్రిక ఎక్కడున్నవాళ్ళకి రాసిందో ఎవరూ ఆలోచించరు. తిమోతి అప్పుడు ఎఫెసు అనే పట్నంలో ఉన్నాడు. తప్పుడు బోధ చేసేవాళ్ళని ఆపమనే పౌలు అతన్ని అక్కడ ఉంచాడు, మొదటి అధ్యాయంలోనే ఆ సంగతి ఉంది. ఇప్పుడు అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం తీయండి. అదే ఎఫెసులో, లేఖనాల్లో ప్రవీణుడు, గొప్ప వక్త అయిన అపొల్లోని ప్రిస్కిల్ల, ఆమె భర్త అకుల చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు. స్త్రీ పురుషుడికి బోధించడం పాపమైతే పౌలు ఆమెని మందలించాలి కదా. మందలించలేదు సరికదా, రోమా పత్రికలో ఆ భార్యాభర్తలని తన జతపనివారు అన్నాడు, తన ప్రాణం కోసం వాళ్ళ ప్రాణాలకి తెగించారని రాశాడు, భర్త కన్నా ముందు ఆమె పేరే రాశాడు. రెండో తిమోతి చివర, ఎవరిని అడ్డం పెట్టుకుని మన ఆడవాళ్ళ నోరు మూయిస్తున్నారో ఆ తిమోతితోనే ఆవిడకి వందనాలు చెప్పమన్నాడు. ఆ తిమోతికి విశ్వాసం ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? అవ్వ లోయి, తల్లి యునీకే. అదీ పౌలు రాసిందే.

తర్వాత తీసేది మొదటి కొరింథీ 14. స్త్రీలు సంఘాల్లో మౌనంగా ఉండాలని. అదే అధ్యాయంలో, అర్థం చెప్పేవాడు లేకపోతే భాషలతో (ఆత్మావేశంలో తెలియని భాషల్లో) మాట్లాడేవాడూ మౌనంగా ఉండాలని, ఇంకొకరికి ప్రత్యక్షత కలిగితే మొదట మాట్లాడేవాడూ మౌనంగా ఉండాలని ఉంది. అక్కడ పౌలు చెప్తున్నది ఆరాధనలో క్రమం గురించి. అదే పత్రిక 11వ అధ్యాయంలో స్త్రీ ప్రార్థన చేసేటప్పుడూ ప్రవచించేటప్పుడూ తల మీద ముసుగు వేసుకోవాలన్నాడు. నోరే విప్పకూడదంటే ముసుగు సంగతి దేనికి?

రోమా 16వ అధ్యాయం మన గుళ్ళలో పేర్ల జాబితా అని దాటేస్తారు. దాన్ని ఒక్కసారి నిదానంగా చదవండి. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే, ఆ పత్రికని రోముకి తీసుకెళ్ళింది ఆవిడే అని చాలామంది పండితులు ఒప్పుకుంటారు. అపొస్తలులలో ప్రసిద్ధికెక్కిన యూనీయ. ప్రభువులో ప్రయాసపడిన త్రుపైనా, త్రుఫోసా, పెర్సిసు. ఇంకా వెనక్కి వెళ్తే ఇశ్రాయేలుకి న్యాయం తీర్చిన దెబోరా ఉంది. మందిరంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు యోషీయా రాజు యెహోవా దగ్గర విచారణ చేయమంటే, యాజకుడు హిల్కీయా, మిగతా మగవాళ్ళు వెళ్ళింది ప్రవక్త్రి హుల్దా దగ్గరికే. యిర్మీయా ప్రవక్త ఆ రోజుల్లోనే ఉన్నాడు, అయినా ఆవిడ దగ్గరికే వెళ్ళారు. పునరుత్థానం సంగతి శిష్యులకి చెప్పమని ప్రభువు పంపింది మగ్దలేనే మరియని. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో మనం చెప్పుకునే సువార్తని మొదట చెప్పిన నోరు ఒక స్త్రీది.

మన తెలుగు సంఘాల చరిత్ర తెలిసినవాళ్ళకి ఇదంతా చెప్పాల్సిన పని కూడా లేదు. నేను పుట్టింది ఒంగోలు బాప్టిస్టు కుటుంబంలో, మెట్టింది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబంలో. 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసింది మిషనరీ జ్యూయెట్ దొరగారు ఒక్కరే అన్నట్టు చెప్తారు. ఆయనతో కొండెక్కినవాళ్ళు ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు సహోదరుడు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు! ఆ తర్వాత పల్లెపల్లెకీ, గోషాలో ఉన్న ఇళ్ళలోకీ వాక్యం మోసుకెళ్ళింది బైబిలు స్త్రీలే, అంటే ఇంటింటికీ తిరిగి సువార్త చెప్పిన ఆడవాళ్ళే. పాస్టర్ల పేర్లు గుడి గోడల మీద చలవరాయిలో చెక్కారు, వీళ్ళ పేర్లు ఎక్కడ రాశారో చూపించమనండి.

సి.ఎస్.ఐ. వాళ్ళయితే ఈ మాట అసలు ఎత్తకూడదు. 1947లో ఏర్పడిన ఆ సంఘం 1976లోనే స్త్రీకి గురుపట్టం (పాస్టరుగా అభిషేకం) ఇచ్చింది. 2013 సెప్టెంబరులో మన నంద్యాల డయాసిస్‌కి ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ. మొత్తంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి స్త్రీ ఆవిడ. ఇంగ్లండు సంఘంలో మొదటి స్త్రీ బిషప్ లిబ్బీ లేన్ వచ్చింది 2015లో. మనకి ప్రార్థనా పుస్తకం ఇచ్చినవాళ్ళ కన్నా నంద్యాల ముందుంది! ఆ సంగతి విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య గారు వచ్చిందీ మన దోర్నకల్‌కే. అలాంటి నేల మీద ఇవాళ పాస్టరు ఆడమనిషి అని తాళాలు వేస్తున్నారు.

గురుపట్టం ఇచ్చినంత మాత్రాన సరిపోదు. మగవాళ్ళతో సమానంగా బి.డి. (పాస్టర్లు చదివే వేదాంత డిగ్రీ) చదివి వచ్చిన అమ్మాయిలకి మా పక్క ఇచ్చే పని ఏంటో చూస్తూనే ఉన్నాను. ఆడపిల్లల హాస్టల్ వార్డెను, సండే స్కూలు, లేదంటే రోడ్డు కూడా సరిగా లేని పాస్టరేటు (ఒక పాస్టరు చూసుకునే ఊళ్ళ గుళ్ళు). పట్నం గుడి ఖాళీ అయితే ఎవరి పేరు వినపడుతుందో అందరికీ తెలుసు. కూటాల్లో నిండేది ఆడవాళ్ళు, వంట చేసేటప్పుడు గుడి కోసం పిడికెడు బియ్యం తీసేది ఆడవాళ్ళు, క్రిస్మసుకి గుడి కడిగేది ఆడవాళ్ళు, కమిటీలో సంతకం పెట్టేది మాత్రం మగవాళ్ళు. ఆ కమిటీ ఎన్నికలేమైనా పద్ధతిగా జరుగుతున్నాయా అంటే అదీ లేదు. డబ్బు, కులం, కోర్టు స్టేలు. పెద్దలు కొని ఇచ్చిపోయిన స్థలాలు ఎవరి లీజులో ఉన్నాయో అడిగితే సమాధానం రాదు. వీటి మీద ఎప్పుడూ ధర్నా చేయనివాళ్ళకి ఒక స్త్రీ ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచే ఆరాధన) దగ్గర నిలబడగానే వాక్యం గుర్తొచ్చింది. స్త్రీల సమాజం తరఫున మేము ఇచ్చిన అర్జీకి "ప్రార్థన చేద్దాం అమ్మా" అన్నారు డయాసిస్ ఆఫీసులో. ప్రార్థన మేము ఎలాగూ చేస్తాం. ఉత్తర్వు ఇవ్వాల్సింది వాళ్ళు.

గలతీ 3:28లో యూదుడని గ్రీసు దేశస్థుడని లేదు, దాసుడని స్వతంత్రుడని లేదు, పురుషుడని స్త్రీ అని లేదు అని రాసి ఉంది. అందులో మొదటి రెండు మాటలని పట్టుకుని మన తాతలు అంటరానితనం నుంచి తల ఎత్తుకుని గుడిలోకి నడిచారు. మూడో మాట దగ్గరికి వచ్చేసరికి అది పరలోకంలో సంగతి అంటున్నారు. మా తాతలతో ఎవరైనా అలా అని ఉంటే ఏమయ్యేది?

ఆ పాస్టరు గారిని బదిలీ చేయొద్దు. బదిలీ చేస్తే రేపు ప్రతి ఊళ్ళోనూ ఇదే మొదలవుతుంది. బిషప్ గారు స్వయంగా వచ్చి ఆవిడతో ప్రభువు బల్ల ఆరాధన జరిపించాలి, తాళం వేసినవాళ్ళ మీద చర్య తీసుకోవాలి. మీరు కూడా మీ విలేకరిని ఆవిడ దగ్గరికి పంపి, ఆవిడ చెప్పేది అదే పేజీలో, అంతే పొడుగ్గా వేయండి.

ఇట్లు,
ఒక సంఘ సభ్యురాలు, విశ్రాంత ఉపాధ్యాయిని