సోలార్ పన్ను క్రెడిట్: సంతకానికి ముందే లెక్క తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో సొంత ఇల్లున్న తెలుగు కుటుంబాలు ఎన్నో మీ పత్రికను ఆన్‌లైన్‌లో చదువుతాయి. ఇంటిపై సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నవారికి అక్కడి ఫెడరల్ ప్రభుత్వం ఇస్తూ వచ్చిన పన్ను క్రెడిట్ (కట్టవలసిన పన్నులోంచి నేరుగా తగ్గే మొత్తం) గురించి వారిలో ఉన్న అపోహలు తొలగాలన్న ఆశతో ఈ లేఖ రాస్తున్నాను. ఖర్చులో 30 శాతం ప్రభుత్వమే తిరిగి ఇస్తుందని అమ్మకందారులు చెబుతూ వచ్చిన మాటలో సగమే నిజం. తెలియని ఆ మిగతా సగమే కుటుంబాల మీద భారమై పడుతోంది.

2022 ఆగస్టులో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం ఈ 30 శాతం క్రెడిట్‌ను 2032 వరకు ఉంచింది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ఆ గడువును 2025 డిసెంబరు 31కి కుదించింది. డబ్బు ఎప్పుడు కట్టినా, లెక్కలోకి వచ్చేది బిగింపు పూర్తయిన తేదీ. నవంబరులోనే సొమ్మంతా చెల్లించినా, పని 2026 జనవరిలో ముగిసి ఉంటే ఆ ఇంటివారికి క్రెడిట్ వర్తించదు.

గడువులోగా పని పూర్తయినవారు కూడా ఇది చెక్కుగా చేతికి వచ్చే సొమ్ము కాదని గ్రహించాలి. ఆ సంవత్సరపు ఆదాయపు పన్నును ఈ క్రెడిట్ సున్నా వరకు తగ్గించగలదు, అంతకు మించి ఏమీ ఇవ్వదు. 30,000 డాలర్ల వ్యవస్థకు క్రెడిట్ 9,000 డాలర్లు అనుకుందాం; ఆ ఇంటివారి పన్ను 4,000 డాలర్లే అయితే ఆ ఏడాది దక్కేది 4,000, మిగిలిన 5,000 తరువాతి సంవత్సరానికి వెళ్తుంది. ఏటా రిఫండ్ వస్తోంది కాబట్టి తమకు పన్నే లేదనుకుని కొందరు దీన్ని వదిలేస్తారు. జీతంలోంచి ముందే ఎక్కువగా మినహాయించిన భాగమే రిఫండ్‌గా వస్తుంది కనుక, చూడవలసింది ఏడాది మొత్తం మీద పడిన పన్ను. పింఛను మీదే బతుకుతూ పన్ను పెద్దగా కట్టని వృద్ధులకు మాత్రం ఈ క్రెడిట్ వల్ల ఒరిగేది చాలా తక్కువ. వారికి కూడా అదే 30 శాతం మాట చెప్పి అమ్మినది నా దృష్టిలో అన్యాయం.

అప్పు పత్రాలను మరింత జాగ్రత్తగా చదవాలి. క్రెడిట్ ఉన్న రోజుల్లో ఇచ్చిన చాలా సోలార్ రుణాల్లో, క్రెడిట్‌కు సమానమైన మొత్తాన్ని అప్పు తీసుకున్నవారు సుమారు 18 నెలల్లోగా అసలుకు జమ చేస్తారన్న అంచనాతోనే మొదటి నెలవారీ వాయిదా నిర్ణయించారు; ఆ సొమ్ము జమకాకపోతే వాయిదా పెరుగుతుంది. అంటే పన్ను తక్కువగా ఉన్న కుటుంబానికి క్రెడిట్ పూర్తిగా అందకముందే వాయిదా పెరిగిపోతుంది.

లీజు సంగతి వేరు. అక్కడ ప్యానెళ్ల యజమాని సంస్థే కనుక పన్ను ప్రయోజనమూ దానిదే. ఇంటి యజమానుల క్రెడిట్ ముగిసినా లీజు సంస్థలకు పన్ను చట్టంలోని వేరే సెక్షన్ కింద ప్రయోజనం ఇంకా కొంతకాలం ఉంది. అందుకే ఇప్పుడు లీజుల కోసం ఒత్తిడి పెరిగే అవకాశం ఎక్కువ. ఏటా అద్దె ఎంత పెరుగుతుందో, ఇల్లు అమ్మితే ఒప్పందం ఎవరికి బదిలీ అవుతుందో సంతకానికి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

గడువులోగా పూర్తయిన పనుల్లో ప్యానెళ్లు, ఇన్వర్టర్, వైరింగ్, కూలి ఖర్చులతో పాటు, 2023 నుంచి 3 కిలోవాట్ అవర్ లేదా అంతకు మించిన సామర్థ్యం గల బ్యాటరీ కూడా ఇంటి యజమానుల క్రెడిట్ లెక్కలోకి వస్తుంది. మామూలు పైకప్పు మరమ్మతు రాదు. అర్హత ఉండి కూడా ఈ క్రెడిట్ కోరే ఫారం 5695ను పన్ను రిటర్నుకు జతచేయనివారు, రిటర్ను వేసిన నాటి నుంచి సాధారణంగా మూడేళ్లలోపు, సవరణ రిటర్నుతో క్రెడిట్ కోరవచ్చు.

ఈ ఫారాన్ని ఎలా నింపాలో వరుసవారీగా వివరించే వ్యాసాన్ని పన్ను నిపుణుల చేత రాయించి, రిటర్నుల గడువు ఏప్రిల్ 15కు బాగా ముందుగానే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
అమెరికా నుంచి ఒక పాఠకుడు