పాత తెలుగు సినిమాలు టీవీలో, డిస్కుల్లో: సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం నుంచి ఇప్పటివరకు సంఘం చేసిన పనులపై కార్యవర్గం తరఫున సమర్పిస్తున్న నివేదిక ఇది. నెలవారీ ప్రదర్శనలు, గ్రంథాలయం, జమాఖర్చుల సంగతులు చివర్లో క్లుప్తంగా ఉన్నాయి. ఏడాదంతా మన శ్రమ ఎక్కువగా ఒకే పని మీద సాగింది కాబట్టి ఇక్కడ కూడా దానికే ఎక్కువ చోటిచ్చాం. పాత తెలుగు సినిమాలు టీవీలో, డిస్కుల్లో ఏ రూపంలో దొరుకుతున్నాయో చూడటం ఆ పని.

"పాత సినిమాలు ఎక్కడా దొరకడం లేదు" అని గత సమావేశంలో చాలామంది సభ్యులు బాధపడ్డారు. పనిలోకి దిగాక అందులో నిజం ఎంతో తేలింది. పేరున్న సినిమాలు దొరుకుతున్నాయి. కానీ చాలావాటిలో ఏదో ఒకటి తగ్గి ఉంటోంది: ఒక పాట, నాలుగు పద్యాలు, బొమ్మలో పైనా కిందా కొంత భాగం. పేరు లేని సినిమాల సంగతి వేరు, వాటి జాడే దొరకదు. రెండోది మన ఒక్క సంఘం వల్ల అయ్యే పని కాదు. మొదటి విషయంలో మాత్రం మనం చేయగలిగింది చాలానే ఉంది.

టీవీ పరిశీలన

దూరదర్శన్ రోజుల్లో వారానికి ఒక తెలుగు సినిమా వచ్చేది, ఆ ఒక్కదాని కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవాళ్లం. 1995లో జెమినీ, ఈటీవీ మొదలయ్యాక పాత సినిమా రోజువారీ వ్యవహారమైంది. ఇప్పుడు సినిమాలకే ప్రత్యేకంగా ఛానళ్లున్నాయి. అయినా నలుపు తెలుపు సినిమాకు దక్కేది తెల్లవారుజామో, అందరూ ఆఫీసుల్లో ఉండే వేళో. పండగ రోజుల్లో పౌరాణికాలు ముందుకొస్తాయి, అవీ ప్రతి ఏడూ అవే. ఎన్టీఆర్, ఏఎన్నార్ సినిమాల్లోనే ఎన్నడూ టీవీలో కనిపించనివి ఉన్నాయి. ఇక చిన్న నిర్మాతలు 1950ల్లో తీసిన సాంఘికాల గురించి చెప్పేదేముంది!

ఇవి గమనించి రాసిపెట్టింది మన మహిళా సభ్యుల బృందం. తెల్లవారుజామునే లేచి నోటు పుస్తకం పట్టుకుని కూర్చున్న వారికి కార్యవర్గం కృతజ్ఞతలు.

ఈ పరిశీలనలో మాకు ఎక్కువగా కనిపించిన లోపం బొమ్మ ఆకారం. పాత సినిమా బొమ్మ ఇంచుమించు చదరంగా ఉంటుంది, వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. నేటి టీవీ తెర 1.78 రెట్లు. నిజానికి రెండు పక్కలా నల్ల పట్టీలు వదిలేస్తే సరిపోతుంది. కానీ తెర ఖాళీగా ఉంటే ప్రేక్షకుడికి నచ్చదని ఎవరు చెప్పారో గానీ, బొమ్మను అడ్డంగా సాగదీయడమో, పైనా కిందా కోసేయడమో చేస్తున్నారు. కోస్తే సుమారు 23 శాతం బొమ్మ పోతుంది. నాట్యమైతే ముందుగా పోయేవి పాదాలే. కిరీటాలున్న సినిమాలో కిరీటాలు పోతాయి.

బాగా వెడల్పు బొమ్మతో తీసే సినిమాస్కోప్ సినిమాలకు ఒకప్పుడు దీనికి ఉల్టా జరిగింది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' 1974లో వచ్చింది. ఆ తర్వాతి స్కోప్ సినిమాలను పాత టీవీల చదరపు తెరకు సరిపెట్టాలని పక్కలు కోసి క్యాసెట్లు చేశారు. 2.35 వెడల్పును 1.33కి తెస్తే మిగిలేది 57 శాతం. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే చోట ఒక ముక్కు, ఇంకో ముక్కు, మధ్యలో గోడ కనిపించేవి. అలా కోసి చేసిన కాపీలే నేటికీ కొన్నిచోట్ల తిరుగుతున్నాయి.

సాగదీసిన బొమ్మ గురించి ఒక ఛానల్‌కు మనం రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. మళ్లీ రాస్తాం.

నిడివి లెక్క

ఏడాది మొత్తంలో మాకు ఎక్కువ తృప్తినిచ్చిన పని ఇదే. ఒక కాపీలో కోత పడిందో లేదో గుర్తుపట్టడానికి సినిమా మొత్తం కంఠస్థమై ఉండనక్కర్లేదు, సెన్సార్ సర్టిఫికెట్ ఉంటే చాలు. మన సినిమాల మొదట్లో కనిపించే ఆ కాగితం మీద రీళ్ల సంఖ్య, నిడివి అడుగుల్లోనో మీటర్లలోనో ఉంటాయి. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. 16,200 అడుగుల సినిమా అంటే సరిగ్గా మూడు గంటలు. మీటర్లలో ఉంటే నిమిషానికి సుమారు 27.4 చొప్పున లెక్క కట్టాలి. ఒక రీలు సుమారు వెయ్యి అడుగులు కాబట్టి, డిస్కు నిడివి అంతకన్నా పాతిక నిమిషాలు తక్కువగా ఉందంటే రెండు రీళ్లకు పైగా ఎగిరిపోయినట్టే.

అయితే తొందరపడి కోప్పడకూడదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు; మన పాత టీవీ పద్ధతి అయిన పాల్‌లో సెకనుకు 25. అందుకని పాల్ కాపీల్లో సినిమాను కొంచెం వేగంగా నడిపించేవారు. మూడు గంటల సినిమా దాదాపు 173 నిమిషాల్లో అయిపోతుంది, ఒక్క ఫ్రేమూ పోదు. గొంతులు కాస్త సన్నగా వినిపిస్తాయి, అంతే. డిస్కు అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్.టి.ఎస్.సి.లో ఉంటే ఈ తేడా రాదు. కాబట్టి అట్ట వెనక పాల్ అనుందా, ఎన్.టి.ఎస్.సి. అనుందా చూశాకే లెక్క మొదలుపెట్టాలి.

ఇంకో మెలిక ఉంది. మొన్నమొన్నటి దాకా చట్టంలో సెన్సార్ సర్టిఫికెట్‌కు పదేళ్ల గడువు ఉండేది, 2023 చట్ట సవరణతో ఆ గడువు తీసేశారు. పాత సినిమాను రెండోసారి విడుదల చేసేటప్పుడు నిడివి తగ్గించి కొత్త సర్టిఫికెట్ తీసుకున్న సందర్భాలున్నాయి. అందువల్ల సర్టిఫికెట్ మీది తేదీ సినిమా తొలి విడుదల నాటిదేనా అని చూడాలి. తేదీ కుదరకపోతే మనకు మిగిలే ఆధారం పాటల పుస్తకం. థియేటర్ల దగ్గర అమ్మిన ఆ చిన్న పుస్తకాల్లో పాటలే కాదు, పద్యాలు కూడా వరసగా ఉండేవి. పౌరాణికాల్లో ముందుగా కత్తెరకు బలయ్యేవి పద్యాలే కనుక, పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తే లోటు ఇట్టే దొరుకుతుంది.

వీసీడీలకు ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. ఒక్కో డిస్కులో పట్టేది ఎక్కువలో ఎక్కువ 80 నిమిషాలు. మూడు గంటల సినిమా రెండు వీసీడీల్లో వచ్చిందంటే చూడకుండానే చెప్పొచ్చు, కోత పడిందని.

ఈ పద్ధతిలో సభ్యుల దగ్గరున్న డిస్కులన్నీ చూసి ఒక పట్టిక తయారుచేస్తున్నాం. ఒకే సినిమాకు రెండు మూడు కంపెనీల డిస్కులుంటే, వాటిలో ఏది పూర్తిగా ఉందో పట్టికలో రాస్తున్నాం.

రంగుల గొడవ

'మాయాబజార్' (1957) 2010లో రంగులద్దుకుని విడుదలైంది. దాన్ని మన ప్రదర్శనలో వేయాలా వద్దా అని కార్యవర్గంలో గట్టి వాదనే జరిగింది. పిల్లలు రంగులుంటే కూర్చుంటారని ఒక పక్షం, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెలుగునీడలతో తీసినదాని మీద రంగు పూయడమేమిటని రెండో పక్షం. ఈ నివేదిక రాస్తున్న వ్యక్తి రెండో పక్షమని సభ్యులకు తెలిసిందే. పైగా రంగుల కూర్పు నిడివి అసలు సినిమా కన్నా తక్కువ. చివరికి నలుపు తెలుపు సినిమాయే వేశాం. పిల్లలు కూర్చున్నారు.

హక్కులు, నెగెటివ్‌లు

"ఇంత మంచి సినిమాకు మంచి డిస్కు ఎందుకు రాదు?" అన్నది సభ్యులు ఎక్కువగా అడిగిన ప్రశ్న. న్యాయవాది అయిన మన సభ్యులొకరు రెండు సమావేశాల్లో దీని గురించి వివరించారు. దాని సారం ఇది.

సినిమా హక్కులు ఒక్కరి దగ్గర ఉండవు. నెగెటివ్ (కెమెరాలో తీసిన అసలు ఫిల్ము) హక్కులు ఒకరివి, శాటిలైట్ (టీవీ ప్రసార) హక్కులు ఇంకొకరివి, వీడియో హక్కులు మరొకరివి. 1950ల్లో ఒప్పందం రాసుకున్నవారికి డీవీడీ వస్తుందని తెలియదు. ఒప్పందం నాటికి లేని మాధ్యమానికి, దాన్ని పేరు పెట్టి రాయకపోతే, ఆ బదిలీ వర్తించదని 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. చెప్పడానికి సులువుగానే ఉంది. నిర్మాత లేరు, కంపెనీ మూతపడింది, వారసులు నాలుగు ఊళ్లలో ఉన్నారు అంటే ఎవరి దగ్గర సంతకం తీసుకోవాలో తేలక కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు.

మన చట్టం ప్రకారం సినిమాపై కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లుంటుంది. 1964లో వచ్చిన సినిమాలకు 2024 డిసెంబరు 31తో గడువు తీరింది. ఆ లెక్కన మనం స్వర్ణయుగం అని పిలుచుకునే కాలంలో చాలా భాగం ఇప్పటికే అందరిదీ. కానీ కథకూ పాటలకూ ఉండే హక్కులు వేరు. అవి రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా నడుస్తాయి కనుక, ఏ పని చేసినా న్యాయవాదిని అడిగే చేయాలి.

హక్కు తీరిపోయినంత మాత్రాన నెగెటివ్ మన చేతికి రాదు కదా. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న కాలంలో నెగెటివ్‌లు అక్కడి ల్యాబుల్లోనే ఉండిపోయాయి. వేడికీ చెమ్మకూ ఎసిటేట్ ఫిల్ము కుళ్లి వెనిగర్ వాసన వస్తుంది, ముడుచుకుపోతుంది. కొన్ని ప్రింట్లను ఫిల్ములో ఉండే వెండి కోసం కరిగించేశారు. బొమ్మ నెగెటివ్ ఒకటి, శబ్దం నెగెటివ్ ఒకటి. రెంటిలో ఏది పోయినా సినిమా కుంటిదే. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' నెగెటివ్ 1993లో లండన్ ల్యాబులో మంటల్లో దెబ్బతింది. మిగిలిన భాగాలకు వేరే చోట్ల దొరికిన కాపీలను జోడించి 2015 నాటికి తిరిగి నిలబెట్టారు. మన నలుపు తెలుపు సినిమాల్లో అంత శ్రద్ధకు నోచుకున్నవి ఎన్నో ఎవరికి వారే ఆలోచించుకోవచ్చు.

యూట్యూబ్‌లో పెడదామన్న ప్రతిపాదన

సభ్యుల డిస్కుల్లో ఉన్న అరుదైన సినిమాలను యూట్యూబ్‌లో పెట్టేద్దామని కొందరు యువ సభ్యులు ప్రతిపాదించారు. వారి ఆత్రం అర్థమవుతుంది. అయినా ఎవరి హక్కో తేలని సినిమాను సంఘం పేరుతో పెట్టకూడదని కార్యవర్గం తీర్మానించింది. హక్కుదారులే ఉచితంగా పెట్టిన పాత సినిమాలు చాలా ఉన్నాయి, వాటిలో కోత లేనివాటిని మన పట్టికలో చేర్చే పని ఆ యువ సభ్యులకే అప్పగించాం.

ఇతర విషయాలు

నెలవారీ ప్రదర్శనలు క్రమం తప్పకుండా జరిగాయి. గ్రంథాలయానికి కొన్ని పాటల పుస్తకాలు, పాత సినిమా పత్రికల సంపుటాలు విరాళంగా వచ్చాయి. విదేశాల నుంచి డిస్కులు తెప్పించుకునే సభ్యులకు ఒక సూచన: డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు రీజియన్. మన డీవీడీ ప్లేయర్లు 5వ రీజియన్‌వి, బ్లూరే అయితే సి రీజియన్. అమెరికా డిస్కుల మీద 1 లేదా ఎ అని ఉంటే అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ కావాలి. కొన్నాక టెన్షన్ పడటం కన్నా ముందే చూసుకోండి. ఆడిట్ చేసిన జమాఖర్చులను కోశాధికారి సమావేశంలో చదివి వినిపిస్తారు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం పెట్టుకున్న పనులు రెండు. నిడివి పట్టికను పూర్తి చేసి సభ్యులందరికీ ఇవ్వడం మొదటిది. 1964లో పుణెలో మొదలైన జాతీయ ఫిల్ము ఆర్కైవ్‌కు రాసి, మన పట్టికలో పూర్తి కాపీ దొరకని సినిమాల ప్రింట్లు అక్కడేమైనా ఉన్నాయేమో కనుక్కోవడం రెండోది.

ఇంట్లో మూలన పడిన వీసీడీలు, క్యాసెట్లు, పాటల పుస్తకాలు ఉంటే సమావేశానికి తీసుకురండి. వివరాలు రాసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం. డిస్కు గీతలు పడిందనో, ఫంగస్ పట్టిందనో పారేయకండి. సర్టిఫికెట్ కనిపించే మొదటి నిమిషం ఆడినా మాకు పనికొస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి