ఆదివారం పిల్లలతో జపాన్: కాగితపు కొంగ

అందరికీ నమస్తే. జపాన్ గురించి చెప్పేటప్పుడు మ్యాపుతో మొదలుపెట్టకండి, ముందు పిల్లల చేతికి కాగితం ఇవ్వండి. ఏ4 కాగితం మూలని ఎదుటి అంచుకి మడిచి, మిగిలిన పట్టీ కత్తిరిస్తే 21 సెంటీమీటర్ల చదరం వస్తుంది. చిన్న చేతులకి అదే నయం. చార్టు వద్దు, మందానికి మడత సరిగ్గా కూర్చోదు.

అందరూ ఆగిపోయేది ఒక్కచోటే: చిన్న చదరంగా మడిచాక పై పొరని ఎత్తి పొడవాటి వజ్రంలా చేసేటప్పుడు. తెరుచుకునే మూల మనవైపు ఉండాలి. రెండు పక్కల అంచుల్నీ మధ్య గీతకి, పై కొనని కిందికి మడిచి, గోటితో గట్టిగా రుద్ది విప్పండి. ఆ గీతలు బాగా పడితే పొర సులువుగా లోపలికి ముడుచుకుంటుంది.

మడుస్తుండగానే సడాకో ససాకి గురించి చెప్పండి. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడ్డప్పుడు ఆ పాపకి రెండేళ్ళు. 1955లో లుకేమియాతో (రక్త క్యాన్సర్‌తో), పన్నెండేళ్ళకే చనిపోయింది. వెయ్యి కాగితపు కొంగలు మడిస్తే కోరిక తీరుతుందని జపాన్‌లో నమ్మకం, అందుకే ఆసుపత్రిలో మందుల పొట్లాల కాగితాలతో కూడా కొంగలు మడిచింది. వెయ్యి పూర్తికాలేదని చాలా కథల్లో ఉంటుంది. నిజానికి వెయ్యి దాటించింది, ఇది తప్పకుండా సరిచేసి చెప్పండి. బడిపిల్లలు విరాళాలు పోగుచేయగా 1958 మే 5న, అక్కడి బాలల దినోత్సవం నాడు, హిరోషిమాలో స్మారకం వెలిసింది. మరీ చిన్నపిల్లలకి జబ్బు వివరాలు ఇప్పుడే వద్దు, కొంగ చాలు.