వార్షిక నివేదిక: ఈ ఏడాది చేసిన పనులు, ముఖ్యంగా రిమోట్ల శుభ్రత

మన అపార్ట్‌మెంట్ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సంప్, ఓవర్‌హెడ్ ట్యాంకులు కడిగించడం, లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం), వినాయక చవితి పందిరి, మంజీరా నీళ్లు రాని రోజుల్లో తెప్పించిన ట్యాంకర్లు... వీటి జమాఖర్చులు కోశాధికారి విడిగా పంచారు. నోటీసు బోర్డు మీద కూడా ఉన్నాయి. సెల్లార్‌లో పార్కింగ్ గీతల గొడవ ఇంకా తేలలేదు. అది సర్వసభ్య సమావేశంలోనే తేలాలి.

ఈసారి నివేదికలో ఎక్కువ చోటు టీవీ రిమోట్లకే ఇస్తున్నాను. వానాకాలంలో జలుబు, జ్వరాలు ఒక ఇంట్లో మొదలై అంతస్తులన్నీ చుట్టాయి. అప్పుడు కమ్యూనిటీ హాల్లో పెట్టిన శుభ్రత కార్యక్రమానికి అనుకున్నదాని కంటే ఎక్కువ మంది వచ్చారు. సభ్యులు చాలామంది ఆ వివరాలు రాసి ఇమ్మని అడిగారు.

రోజూ ఇల్లు తుడుస్తాం, గిన్నెలు తోముతాం, సెల్‌ఫోన్ చొక్కాకైనా రుద్దుకుంటాం. రిమోట్ మాత్రం ఎవరి వాటాకూ రాదు. దాన్ని అందరూ పట్టుకుంటారు: అన్నం తింటూ ఒకరు, ముక్కు చీదుకుంటూ ఒకరు, మంచం మీదున్న పెద్దవాళ్లు ఒకరు. 2012లో అమెరికాలోని హ్యూస్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు హోటల్ గదుల్లో నమూనాలు తీసి చూస్తే, బాక్టీరియా ఎక్కువగా ఉన్న వస్తువుల్లో టీవీ రిమోట్, మంచం పక్క దీపం స్విచ్ ఉన్నాయి. మన ఇళ్లు హోటళ్లు కావు కాబట్టి భయపడనక్కర్లేదు. అలాగని రిమోట్‌ను పూర్తిగా వదిలేయడమూ సరికాదు.

కార్యక్రమం రోజు హాలు టీవీ రిమోట్‌నే విప్పి చూపించాం. పైన బాగానే కనిపించింది. లోపల రబ్బరు షీటు ఎత్తగానే వాల్యూమ్ మీట కింద పసుపు రంగు జిగురు పేరుకుని ఉంది. బజ్జీల నూనో, దసరా పూజలో బొట్టు పెట్టిన పసుపో తెలియదు. మ్యూట్ మీట చుట్టూ మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. మన హాల్లో ఎవరూ సౌండు ఆపరన్నమాట! మీట కింద నల్లటి కార్బన్ బిళ్ల ఉంటుంది. అది సర్క్యూట్ బోర్డుకు తగిలితేనే నొక్కు పడుతుంది. మధ్యలో జిడ్డు చేరితే ఎంత గట్టిగా నొక్కినా పనిచేయదు. అప్పుడు మనం రిమోట్‌ను అరచేతిలో కొట్టి, సెల్స్ తిప్పి పెట్టి సరిపెట్టుకుంటాం.

ఇంట్లో చేసే పద్ధతి ఇది. ముందు సెల్స్ తీసేయండి. పాత బనియన్ ముక్కను సబ్బు నీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండి, దుమ్మూ జిడ్డూ తుడవండి. సందుల్లోకి అగ్గిపుల్లో, మెత్తటి టూత్‌బ్రష్షో పనికొస్తుంది. క్రిములను చంపే పని దీని తర్వాతే. జిడ్డు మీద స్పిరిట్ పూస్తే స్పిరిట్ ఖర్చవుతుంది గానీ అడుగుదాకా చేరదు. తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడిచి, కనీసం 30 సెకన్లు తడిగా ఉండనివ్వాలి. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ అయినా సరే, వాసన కాసేపు ఉంటుంది. మొబైల్ రిపేరు వాళ్ల దగ్గరుండే 99 శాతంది ఇంకా మంచిది కదా అని ఒకరు అడిగారు. బోర్డు తుడవడానికి అదే మంచిది. క్రిములకు మాత్రం 70 శాతందే మేలు. అందులోని నీరు ఉంటేనే క్రిముల ప్రోటీన్లు సరిగ్గా చెడిపోతాయి, పైగా అది అంత త్వరగా ఆరిపోదు.

రిమోట్ మీద నేరుగా స్ప్రే కొట్టొద్దు. 2020లో కరోనా భయంతో అలా కొట్టినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు, మీటల మీది అంకెలు చెరిగిన రిమోట్లే సాక్ష్యం. వాయిస్ రిమోట్‌కు మైక్ రంధ్రం ఉంటుంది, అందులోకి తడి పోకూడదు. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్‌లో గ్లిజరిన్ ఉంటుంది, ఆరాక బంకగా మిగిలి దుమ్మును పట్టుకుంటుంది. బ్లీచింగ్ వాడితే లోపలి స్ప్రింగులు తుప్పు పడతాయి, నెయిల్ పాలిష్ రిమూవర్ ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. స్పిరిట్ పట్టుకుని దీపం దగ్గరా, గ్యాస్ పొయ్యి దగ్గరా కూర్చోవద్దు.

సెల్స్ కారిన రిమోట్లు కూడా కొందరు తెచ్చారు. ఇక్కడ అందరికీ ఒకే వైద్యం కుదరదు. సెల్ మీద ఆల్కలైన్ అని ఉంటే కారింది పొటాషియం హైడ్రాక్సైడ్, అది క్షారం. ఇయర్ బడ్‌కు చుక్క నిమ్మరసమో వెనిగరో అద్ది తుడవాలి. చవక జింక్ కార్బన్ సెల్ అయితే కారేది ఆమ్ల స్వభావం ఉన్నది, దానికి తడి వంట సోడా. రెంటికీ చేతి తొడుగు తప్పదు. చివర స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్త సెల్స్ వేయాలి. రెండూ ఒకే రకం, ఒకేసారి కొన్నవి అయితే మంచిది. అప్పటికీ పనిచేయకపోతే ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు రిమోట్ మూతి పెట్టి మీట నొక్కండి. తెరమీద చిన్న వెలుగు మిణుకుమంటే రిమోట్ బాగున్నట్టే, లోపం టీవీలో చూసుకోవాలి. బ్లూటూత్ రిమోట్లకు ఈ పరీక్ష పనికిరాదు.

పాలిథిన్ కవర్ సంగతి. కొన్న రోజు తొడిగి, చిరిగేదాకా మార్చని కవర్ లోపల చెమట, బయట జిడ్డు. నా మాటగా చెబుతున్నాను, అది తీసేయండి. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే మాత్రం పలచటి జిప్ కవర్‌లో పెట్టి రోజూ మార్చడం తేలిక, రిమోట్ పంపే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు అందులోంచి పోతాయి. వాంతులు, విరేచనాలప్పుడు ఇదే మేలు. నోరోవైరస్ లాంటివి ఆల్కహాల్‌కు అంత తేలిగ్గా లొంగవు, కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కోవడమే ముఖ్యం. మామూలు రోజుల్లో వారానికోసారి తుడిస్తే చాలు, రోజూ స్పిరిట్ అక్కర్లేదు.

వాడేసిన సెల్స్‌ను తడి చెత్తలో వేయడం ఇకనైనా మానాలి. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం వాటిని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. మన పని వాటిని విడిగా చేర్చి పెట్టడం. వాచ్‌మన్ గది పక్కన డబ్బా పెట్టాం. బటన్ సెల్స్‌కు రెండు వైపులా టేపు అంటించి వేయండి. పిల్లలు మింగితే ప్రాణాపాయం కాబట్టి ఇంట్లో వాటిని పైఅరలోనే ఉంచండి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదిస్తున్నవి: హాలు రిమోట్‌ను ప్రతి ఆదివారం తుడిచే బాధ్యత అంతస్తుల వారీగా పంచుకోవడం, డబ్బా నిండినప్పుడల్లా గుర్తింపు ఉన్న ఈ-వ్యర్థాల సేకరణదారుకు అప్పగించడం. హాలు రిమోట్ వెనక మూత పోయి రబ్బరు బ్యాండుతో నడుస్తోంది, ఎవరింట్లోనైనా అలాంటి మూత ఉంటే ఆఫీసులో ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి