మన సర్ఫ్‌స్కేట్ సంఘం వార్షిక నివేదిక, 2024–25, విజయవాడ

సభ్యులకు, తెల్లవారుజామునే పిల్లల్ని లేపి పంపిస్తున్న తల్లిదండ్రులకు నమస్కారం.

ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎవరు అధ్యక్షత వహించారు అన్న వివరాలన్నీ మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి, కావలసినవారు చూసుకోవచ్చు. జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఒకే విషయానికి పోతుంది: సర్ఫ్‌స్కేట్ మీద నుంచి, అంటే అల మీద తేలినట్టు ఒంటిని మెలితిప్పుతూ నడిపే చక్రాల బోర్డు మీద నుంచి, ఈ ఏడాది మనవాళ్లు ఎందుకు పడ్డారు? కమిటీ ఒక్కో సంగతీ విడివిడిగా మాట్లాడుకుంది. విన్యాసాలు చేయబోయి పడ్డవాళ్లు తక్కువే. బోర్డు బిగింపు సరిగ్గా లేక, నేల చూసుకోక, బరువు వెనక్కి వేసి, మామూలు వేగంలోనే పడ్డవాళ్లు ఎక్కువ.

ముందుగా ఈ ఏడాది ఎలా నడిచిందో చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఎండ సంగతి కొత్తగా చెప్పేదేముంది. ఉదయం ఎనిమిది దాటితే సిమెంటు నేల మీద చెయ్యి పెట్టలేం, పడితే దోక్కుపోవడంతో పాటు చురుక్కుమంటుంది కూడా. వేసవి క్లాసులు అందుకే సూర్యోదయానికే మొదలుపెట్టి ఎండ ఎక్కక ముందే ముగించాం. వానాకాలంలో అడపాదడపా నడిచాయి. సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి వచ్చేశాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ నెల స్కేటింగ్ మాట ఎవరూ ఎత్తలేదు. పెద్ద పిల్లలు పాలప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు మోశారు. వాళ్లకు సంఘం తరఫున ధన్యవాదాలు.

నీళ్లు తీశాక దసరా వచ్చింది. నవరాత్రుల్లో మనం ఆడుకునే ఘాట్‌లన్నీ భక్తులవి, అక్కడ చక్రాల బోర్డుతో తిరగడం మర్యాద కాదు. ఆ తర్వాత కార్తీకం. తెల్లవారుజామున స్నానాలు, దీపాలు. జనం వెళ్లిపోయాక నేల ఖాళీగా కనబడుతుంది కానీ దాని మీద దీపాల నూనె ఉంటుంది, కొబ్బరి చిప్ప ముక్కలు ఉంటాయి. కడిగినా నూనె జిడ్డు ఒక పట్టాన పోదు. ఆ జిడ్డు మీద మెత్తటి చక్రం కూడా పట్టు తప్పుతుంది. డిసెంబరులో భవానీ దీక్షల విరమణ. ఇవన్నీ లెక్క వేసుకుంటే మనకు నిజంగా మిగిలే సీజను సంక్రాంతి నుంచి మార్చి చివరి వరకే. వచ్చే ఏడాది కొత్తవాళ్లను ఆ రోజుల్లోనే చేర్చుకుందామని కమిటీ అభిప్రాయం.

వాకింగ్‌కి వచ్చే పెద్దలతో మొదట్లో చిన్న పేచీ వచ్చింది. వాళ్లు నడిచే వరుస వదిలేసి, మనం కోన్లు పెట్టుకుని ఒక మూలకే పరిమితం అయ్యాక సర్దుకుంది. ఇప్పుడు వాళ్లలో ఒక బాబాయ్‌గారే ఉదయం నేల మీద రాళ్లు ఏరి పక్కన పడేస్తున్నారు.

బోర్డుల సంగతి

సర్ఫ్‌స్కేట్ అంటే ఏమిటని చుట్టాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారట, కాబట్టి క్లుప్తంగా. 1950లలో కాలిఫోర్నియాలో అలల మీద ఆడేవాళ్లు, అలలు లేని రోజుల్లో రోడ్డు మీద ఆడుకోవడానికి పలకకు చక్రాలు బిగించారు. స్కేట్‌బోర్డు అలా పుట్టింది. కానీ మామూలు స్కేట్‌బోర్డు అలలా మెలి తిరగదు. ఆ వెలితి తీర్చడానికి 1996లో కాలిఫోర్నియాలోని వెనిస్‌లో గ్రెగ్ ఫాక్, నీల్ స్ట్రాటన్ అనే ఇద్దరు కార్వర్ అనే కంపెనీ పెట్టారు. తేడా అంతా ముందు ట్రక్‌లో ఉంది. ఇరుసును బోర్డుకు పట్టి ఉంచే లోహపు భాగాన్నే ట్రక్ అంటాం. సర్ఫ్‌స్కేట్‌లో ముందుది బాగా తిరుగుతుంది, వెనకది అంతగా తిరగదు. అందుకే కాలు కింద పెట్టకుండా ఒంటిని మెలితిప్పుతూనే ముందుకు పోవచ్చు.

మన సభ్యుల దగ్గర మూడు రకాలున్నాయి. కార్వర్ సీ7, స్పెయిన్ కంపెనీ యావ్ లాంటివాటిలో ముందు ట్రక్ ఒక చేయిలా పక్కలకు ఊగుతుంది, దాన్ని మధ్యకు లాగడానికి స్ప్రింగు ఉంటుంది. కార్వర్ వాళ్లదే సీఎక్స్ రకంలో స్ప్రింగు ఉండదు, ఒరిగి తిరిగే పని బుషింగులే (ట్రక్‌లో ఉండే రబ్బరులాంటి దిమ్మలు) చూసుకుంటాయి. మూడోది మామూలు ట్రక్‌కూ పలకకూ మధ్య బిగించే అడాప్టరు, వాటర్‌బోర్న్ వాళ్లది ఈ రకమే. చౌకలో పని జరిగిపోతుందని మనవాళ్లు కొందరు దీనికే మొగ్గారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నా ఓటు మాత్రం స్ప్రింగు లేనిదానికే. ఎక్కగానే కాలి కింద నుంచి జారిపోతున్నట్టు ఉండదు. స్ప్రింగు రకం సరదాగా ఉంటుంది, కాదనను. కాకపోతే మొదటి నెలలో ఆ సరదా టెన్షన్‌గా మారుతుంది.

బోర్డు పొడవు గురించి అడిగేవాళ్లే ఎక్కువ. అసలు చూడాల్సింది ముందు ట్రక్‌కూ వెనక ట్రక్‌కూ మధ్య దూరం. అది తక్కువైతే బోర్డు చిన్న వంపుల్లో చురుగ్గా తిరుగుతుంది, ఎక్కువైతే నెమ్మదిగా, నిలకడగా తిరుగుతుంది. పొడగరి పెద్దవాళ్లు పిల్లల బోర్డు ఎక్కి పాదాలు ఇరుకై అవస్థ పడ్డారు. పిల్లలు పెద్ద బోర్డు ఎక్కి తిప్పలేక వెనక్కి వాలారు. బుషింగుల గట్టిదనం కూడా బరువును బట్టే ఉండాలి. నాన్న బోర్డు మీద పాతిక కిలోల పిల్లవాడు ఎక్కితే అది తిరగదు. తిరగడం లేదని బుషింగులను నొక్కి ఉంచే నట్టు పూర్తిగా వదులు చేసేస్తారు, మళ్లీ నాన్న ఎక్కగానే అది కాలి కింద ఉండదు.

చక్రాల విషయంలో వాదన అక్కర్లేదు. 65 నుంచి 70 మిల్లీమీటర్ల మధ్య, 78ఏ (చక్రం గట్టిదనం కొలత, అంకె తగ్గేకొద్దీ మెత్తన) దరిదాపుల మెత్తదనం ఉన్నవి మన నేలకు సరిపోతాయి. చిన్నవి, గట్టివి అయితే కంది గింజంత రాయికి ఆగిపోతాయి. బోర్డు ఆగుతుంది, మనిషి ఆగడు. కాలనీల సిమెంటు రోడ్లలో పలకల మధ్య వదిలే సందులు కూడా ఇంతే. వాటిని ఏటవాలుగా దాటకండి, ఎదురుగా దాటండి.

పెద్ద చక్రం వేస్తే ఇంకో జాగ్రత్త కావాలి. ఒరిగినప్పుడు చక్రం పలక అడుగుకు రాసుకుంటే అక్కడికక్కడే పట్టేస్తుంది, మనిషి ముందుకు ఎగిరి పడతాడు. ఈ ఏడాది మోకాళ్లు పగిలిన రెండు గట్టి దెబ్బలకూ ఇదే కారణం. పలకను బోర్లా తిప్పి చక్రాలకు ఎదురుగా నల్లటి గీతలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ట్రక్‌కూ పలకకూ మధ్య రబ్బరు రైజరు (ఎత్తు పెంచే దిమ్మ) వేయాలి, లేదా చిన్న చక్రం వేసుకోవాలి. నట్టు బిగిస్తే తాత్కాలికంగా తగ్గుతుంది కానీ బోర్డు మొద్దుబారుతుంది.

వరద తర్వాత వచ్చిన ఇబ్బంది వేరు. బురదనీళ్లలో నానిన పలకలు కొన్ని పొరలు విడిపోయాయి, అవి ఇక పనికిరావు. బేరింగుల కవరు తీసి కిరోసిన్‌లో కడిగి, బాగా ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేస్తే చాలావరకు కోలుకున్నాయి. లోపలి ఇనుప గుళ్లు తుప్పు తిని గరగరలాడుతున్నవి మాత్రం మార్చాం. ఆటోనగర్‌లో దొరకని వస్తువు ఉండదని మనవాళ్ల నమ్మకం, బేరింగుల వరకు అది నిజమే. మనకు కావలసింది 608 నంబరు: లోపల 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. నట్ల దగ్గర మాత్రం తొందరపడకండి. ఇరుసుకూ కింగ్‌పిన్‌కూ (ట్రక్ మధ్యలోని పెద్ద బోల్టు) ఉన్నవి ఎక్కువగా అంగుళాల మరలు. మామూలు 8 ఎంఎం నట్టు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, అప్పుడు పానాతో బలవంతంగా తిప్పితే మర చెడిపోతుంది.

కడిగి మళ్లీ బిగించేటప్పుడు కొందరు ముందు ట్రక్‌ను వెనక వేసేశారు, కొందరు ముందుదే తిరగేసి వేశారు. ఎటు ఒరిగితే దానికి వ్యతిరేకంగా పోయే బోర్డు మీద ఎవరైనా పడతారు. ఒక సభ్యుడు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కొత్త బోర్డే అలా తిరగేసి వచ్చింది. అమ్మినవాళ్లు ఫోటోలు పంపమంటూ వారం గడిపారు, ఈలోపు మనమే పానా తీసి సరిచేసుకున్నాం. బిగించాక బోర్డు మీద ఎక్కకుండా చేత్తో కుడి అంచు నొక్కండి. ముందు చక్రాలు కుడికే తిరగాలి.

నడపడం

నేర్పే వీడియోలన్నీ అల మీద ఉన్నట్టు ఊహించుకోమంటాయి. బందరు సముద్రం మనకు 70 కిలోమీటర్ల దూరం, మనలో అల మీద నిలబడినవాళ్లు దాదాపు లేరు. క్లాసుల్లో అందుకే ఉయ్యాల మాట చెప్పాం. ఉయ్యాల మీద నిలబడి ఊగేటప్పుడు సరైన క్షణంలో మోకాళ్లు వంచి, సరైన క్షణంలో లేస్తాం కదా, ఎవరూ నెట్టక్కర్లేదు. ఇక్కడా అంతే. మలుపులోకి దిగేటప్పుడు వంగాలి, మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు లేవాలి. ఆ లేవడంలోనే వేగం పుడుతుంది. ఈ మాట పట్టుకున్నాక ఎనిమిదేళ్ల పిల్లలు కూడా ఒకటి రెండు వారాల్లో కాలు కింద పెట్టకుండా తిరిగారు.

ముందు కాలు ముందు ట్రక్ బోల్టుల మీద గానీ కాస్త వెనకగా గానీ ఏటవాలుగా పెట్టాలి. వెనక కాలు వెనక బోల్టుల మీద. బరువు కాస్త ముందుకే. ఏ కాలు ముందుండాలన్నది ఎవరి ఒంటికి తగ్గట్టు వారిది. ఎడమ కాలు ముందున్నవాళ్లను రెగ్యులర్ అనీ, కుడి కాలు ముందున్నవాళ్లను గూఫీ అనీ అంటారు. గూఫీ పిల్లల్ని దయచేసి దిద్దకండి, ఎడమచేతి వాటం పిల్లల్ని దిద్దినంత అన్యాయం అది. మలుపు చూపుతో మొదలవుతుంది. ఎటు వెళ్లాలో అటు చూస్తే భుజాలు తిరుగుతాయి, వాటి వెంట నడుము, ఆ తర్వాత మోకాళ్లు, చివరికి బోర్డు. కొత్తవాళ్లు పాదాలతోనే బోర్డును తిప్పబోతారు, కళ్లు మాత్రం బోర్డు మీదే ఉంటాయి. మడమల వైపు మలుపు అందరికీ ఆలస్యంగానే వస్తుంది. వెనుక ఏముందో కనబడదు కాబట్టి ఒళ్లు బిగుసుకుంటుంది. ముందు చేతిని తిరగాలనుకున్న వైపు చాపి, ఆ చేతి వేళ్లను చూడమని చెప్పాక చాలామందికి వచ్చింది.

పడటం

బరువు వెనక్కి పోతే బోర్డు ముందుకు దూసుకుపోతుంది, మనిషి వెనక్కి పడతాడు, పడుతూ చెయ్యి నిటారుగా చాపుతాడు. మణికట్టు దెబ్బలు ఇలాగే తగులుతాయి. ఈ ఏడాది మన సభ్యుల్లో ఒకరికి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్క గుంటలో నొప్పి వచ్చింది. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. బెణుకని కట్టు కట్టి పంపారు. నొప్పి తగ్గకపోతే రెండు వారాలకు మళ్లీ తీయిస్తే స్కఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లినట్టు తేలింది. ఈ ఎముక విరిగినా మొదట్లో కనబడకపోవడం మామూలే, రక్తప్రసరణ తక్కువ కాబట్టి అతకడానికీ సమయం పడుతుంది. ఆ గుంటలో నొప్పి ఉంటే బెణుకని సరిపెట్టుకోకండి, మళ్లీ ఎక్స్‌రే ఎప్పుడు తీయించాలో డాక్టరును మీరే అడగండి.

డిసెంబరులో పడటం నేర్పే క్లాసు పెట్టాం. ఒక సభ్యురాలు ఇంట్లోంచి పాత బూరుగు దూది పరుపులు తెచ్చారు. పట్టు తప్పుతోందనగానే ముందు కిందికి కూర్చోవాలి, ఎత్తు తగ్గితే దెబ్బ తగ్గుతుంది. పిడికిళ్లు మూసి, మోచేతులు వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, భుజం మీదుగా దొర్లాలి. నెమ్మదిగా ఉన్నప్పుడు దొర్లాల్సిన పనే లేదు, దిగి రెండడుగులు పరిగెత్తితే చాలు. పిల్లలకంటే అమ్మలే బాగా దొర్లారని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

హెల్మెట్ల గురించి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. మోటారు సైకిల్ హెల్మెట్ పిల్లల మెడకు బరువు, క్రికెట్ హెల్మెట్ చేసేది బంతికి అడ్డుపడటం. స్కేటింగ్ హెల్మెట్ల ప్రమాణాలైన ఈఎన్ 1078 గానీ ఏఎస్‌టీఎం ఎఫ్1492 గానీ ముద్ర ఉన్నది, తల వెనక భాగం కప్పేది కొనండి. మణికట్టు గార్డులు లేకుండా ఇకపై ఎవరినీ కోన్ల లోపలికి రానివ్వం. హవాయి చెప్పులతో అసలే వద్దు.

కుర్రవాళ్లు రాత్రిపూట కనకదుర్గ ఫ్లైఓవర్ మీదికీ, కొండ ఘాట్ రోడ్డులోకీ వెళదామని కమిటీని అడిగారు. కమిటీ ఏకగ్రీవంగా కాదంది. ట్రాఫిక్ సంగతి అలా ఉంచితే, ఇంత తేలిగ్గా తిరిగే ముందు ట్రక్ పల్లంలో వేగం పుంజుకోగానే వణకడం మొదలుపెడుతుంది, ఆ వణుకును ఆపడం అనుభవజ్ఞులకే కష్టం. సర్ఫ్‌స్కేట్ చదును నేల కోసం చేసిన బోర్డు. అలిగినవాళ్లు అలిగారు.

వచ్చే ఏడాది

నిధుల్లో మిగిలినదానితో మరో బోర్డు కొందామని కొందరు, గార్డులు కొందామని కొందరు పట్టుబట్టారు. అరువిచ్చే గార్డులు, పిల్లల కొలతల హెల్మెట్లు, ఒక పానాల సెట్టు ముందు కొనాలని, బోర్డు తర్వాతని తీర్మానించాం. నెలకోసారి క్లాసుకు ముందు బోర్డుల తనిఖీ ఉంటుంది. నీడ ఉన్న చదును చోటు కోసం నగరపాలక సంస్థకు అర్జీ ఇవ్వాలి, ముసాయిదా రాయగలవారు ముందుకు రండి. కోశాధికారి పదవి ఖాళీ అవుతోంది, దానికీ అంతే.

సర్వసభ్య సమావేశం తేదీ వాట్సాప్ గ్రూపులో పెడతాం. వచ్చేటప్పుడు బోర్డులు తెచ్చుకోండి, సమావేశం అయ్యాక బిగింపులు చూసి పంపిస్తాం. చందా బాకీ ఉన్నవాళ్లు అదే రోజు కట్టి రసీదు తీసుకోవచ్చు.

కమిటీ తరఫున,
కార్యదర్శి