హారర్ ర్యాక్‌లో ఈ నెల నుంచి ఒక మార్పు

పోయిన దసరాకి మన షాపులో హారర్ పుస్తకాలకని విడిగా ఒక ర్యాక్ పెట్టాను. మీరు అడిగి అడిగి పెట్టించిందే అది. ఈ నెల నుంచి అక్కడ ఒక మార్పు చేస్తున్నాను. ఎందుకో ఉన్నదున్నట్టు చెప్తాను.

రెండు నెలల కిందట ఎప్పుడూ వచ్చే అమ్మాయి ఒకరు, "భయపెట్టేది కొత్తగా ఏమన్నా వచ్చిందా అన్నా?" అని అడిగింది. కొరియా రచయిత్రి బోరా చుంగ్ కథలు ‘కర్స్‌డ్ బన్నీ’ చేతిలో పెట్టాను. 2022లో ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి తుది జాబితాకి వెళ్లిన పుస్తకం. పుస్తకానికి పేరిచ్చిన కథంటే నాకు ప్రాణం. శాపం పెట్టిన వస్తువులు చేసే ఇంట్లో తాత, తన స్నేహితుణ్ణి ముంచిన కంపెనీ మీద పగతో కుందేలు ఆకారంలో ఒక దీపం చేస్తాడు. ఆ కథా, ఇంకో రెండూ చదివి, మిగతావి చదవకుండానే అమ్మేశాను. వాటిలో గర్భం చుట్టూ తిరిగే కథ ఒకటుంది. ఆ అమ్మాయికి అప్పుడు అయిదో నెల.

వారం తర్వాత పుస్తకం కౌంటర్ మీద పెట్టి, "ఇంకెవరికైనా ఇవ్వండన్నా, నావల్ల కాలేదు" అంది. బస్ టికెట్ మడిచి గుర్తుగా పెట్టుకున్న పేజీ ఆ కథ మధ్యలోనే ఉంది. డబ్బులు వద్దంది. బలవంతాన ఇచ్చాను గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఇకమీదట మొత్తం చదివిన పుస్తకమే మీకు చదవమని చెప్తాను. ప్రతిదానిలో చివరి పేజీ దగ్గర ఒక చీటీ ఉంటుంది. కథ బయటపెట్టకుండా, రక్తపాతం ఎంత, పసిపిల్లలకు హాని ఉందా, ఆడవాళ్ల మీద బలవంతం ఉందా అని తెలుగులో రాసి పెడుతున్నా. చూడాలనుకున్నవాళ్లు చూస్తారు, వద్దనుకున్నవాళ్లు వదిలేస్తారు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పేది ‘స్ట్రేంజ్ పిక్చర్స్’. ఎప్పుడూ తెల్ల మాస్కులోనే కనిపించే జపాన్ రచయిత ఉకెత్సు రాశారు. 2025లో ఇంగ్లీషులోకి వచ్చింది. పేజీల్లో బొమ్మలుంటాయి, చిన్నపిల్లలు గీసినట్టు మామూలుగా. నాలుగు పేజీలు చదివి మళ్లీ అదే బొమ్మకి వెనక్కి వెళ్తే, ఇందాక మన కళ్లముందే ఉన్నది అప్పుడు కనిపిస్తుంది. నాకు ఒళ్లు జలదరించింది. ఇందులోనూ మొదట్లోనే గర్భిణి గీసిన బొమ్మలొస్తాయి, చీటీలో రాశాను.

పాత బంగళా కథలు ఇష్టపడేవాళ్లకి సిల్వియా మొరెనో-గార్సియా ‘మెక్సికన్ గోథిక్’. నిదానంగా నడుస్తుంది, ఓపిక పట్టండి.

తెలుగులో ఏదని అడిగితే ఇప్పటికీ యండమూరి ‘తులసిదళం’ అనే అంటాను. ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చినప్పుడు చదివినవాళ్లు షాపుకొచ్చి ఆ రోజుల సంగతులు చెప్తుంటారు. అందులో నలిగిపోయేది చిన్నపిల్ల, కాబట్టి దానికీ చీటీ ఉంది.

"అసలైన చేతబడి మంత్రాలు" లాంటి పుస్తకాలు మాత్రం ఎంత అడిగినా తెప్పించను. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు మన దగ్గరే చదువుతున్నాం. అలాంటి పుస్తకం నా చేతుల మీదుగా ఎవరింటికీ వెళ్లకూడదు.

ఇంతకుముందు నా మాట మీద కొన్న హారర్ పుస్తకం మీకు సరిపడకపోతే తెచ్చివ్వండి. బిల్లు లేకపోయినా పర్వాలేదు, డబ్బు వెనక్కిస్తాను.